సూపర్‌మార్కెట్ చికెన్: వేగని ముక్క, తరిగిన తూకం

మా ఇంట్లో ఆదివారం కూరకు కావలసిన చికెన్ 2017 నుంచి సూపర్‌మార్కెట్ నుంచే వస్తోంది. హైదరాబాద్‌లో మేముండే కాలనీ పక్కన ఒక పెద్ద సంస్థ తన శాఖను తెరిచిన ఏడాది అది. అంతకు ముందు వీధి మలుపులోని చికెన్ సెంటర్ ముందు నిలబడి, బోనులోంచి కోడిని రెక్కలు పట్టి తీయడం, కాటా మీద పెట్టడం, కోసి డ్రమ్ములో వేయడం, లోపల అది కొట్టుకునే చప్పుడు ఆగేదాకా వేచి ఉండడం అలవాటుగా జరిగేది. వెంట వచ్చిన పిల్లలు ముఖం పక్కకు తిప్పుకొనేవారు. అలాంటిది చల్లని అరలో, పలుచని ప్లాస్టిక్ పొర కింద, ఈక ముక్క గానీ రక్తపు మరక గానీ లేకుండా సర్ది పెట్టిన ట్రేలను మొదటిసారి చూసినప్పుడు మాకు నిజంగా ఊరట కలిగింది. మొదటి మూడు నాలుగేళ్ళు ఆ నమ్మకానికి భంగం రాలేదు. గత రెండేళ్ళుగా మాత్రం తెచ్చిన ప్రతి రెండు మూడు ట్రేలలో ఒకటి ఏదో ఒక విధంగా నిరాశ పరుస్తూనే ఉంది. ఇదే కాలంలో ఊళ్ళోని మరో రెండు సూపర్‌మార్కెట్లలో కొన్నప్పుడు కూడా అవే లోపాలు కనిపించాయి. అందువల్ల ఏ ఒక్క దుకాణం పేరునూ ఇక్కడ రాయడం లేదు. చికెన్ గురించే రాస్తున్నాను.

ముందుగా, అప్పట్లో ఏది బాగుండేదో చెప్పాలి. కర్రీ కట్ అని రాసి ఉన్న అరకిలో ట్రేలో పది పన్నెండు ముక్కలు ఉండేవి. కీలు దగ్గర కోసినవి కాబట్టి అంచులు నున్నగా ఉండేవి, ఎముక పిప్పి అయ్యేది కాదు. మాంసం లేత గులాబీ రంగులో, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచేటంత బిగువుగా ఉండేది. ట్రే అడుగున పరిచే తెల్లని మెత్త కొద్దిగా తడిసి ఉండేది, అంతే. ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట పక్కన పెడితే ఆ ముద్ద ముక్కకు అంటుకొని ఉండేది, కిందికి జారి నీళ్ళలో కలిసిపోయేది కాదు. నూనెలో వేశాక మూత తీసి పెద్ద మంట మీద పది నిమిషాలు వేయిస్తే ముక్క అంచులు ఎర్రబడి, మసాలా గిన్నెకు పట్టి, ఇంటి ముందు గేటు దగ్గరికి వాసన వచ్చేది. పులుసు కావాలంటే అప్పుడు గ్లాసుడు నీళ్ళు మనం పోసుకొనేవాళ్ళం.

ఇప్పుడు ఆ గ్లాసుడు నీళ్ళు కోడితోపాటే వస్తున్నాయి. మొన్న జూన్‌లో ఒక ఆదివారం నేను వంటింటి కాటా బల్ల మీద పెట్టుకొని, తెచ్చిన ట్రేను జాగ్రత్తగా విప్పాను. పైపొర కత్తితో చీల్చగానే ఒక మూల నుంచి పలుచని ఎర్రని నీరు బల్ల మీదికి కారింది. అడుగున ఉన్న మెత్త పీల్చగలిగినంత పీల్చి, పాలలో నానిన బ్రెడ్డు ముక్కలా ఉబ్బి ఉంది. లేబుల్ మీద నికర బరువు 450 గ్రాములు. ముక్కలను జల్లెడ గిన్నెలో వేసి పది నిమిషాలు వదిలి, పొడి గుడ్డతో అద్ది తూచితే 396 గ్రాములు వచ్చింది. అంటే నేను డబ్బు చెల్లించిన దానిలో 54 గ్రాములు సింకులోకి పోయింది. ఒక్కసారి తూచి తీర్పు చెప్పడం న్యాయం కాదని తరువాతి మూడు వారాలూ ఇలాగే చేశాను. ఒక వారం తేడా 30 గ్రాములకు తగ్గింది, మరో వారం 60 దాటింది. ఒక్క వారమైనా మెత్త పొడిగా కనిపించలేదు.

ఆ ఎర్రని నీటిని చూసి చాలామంది రక్తం అనుకొని దిగులు పడతారు. అది రక్తం కాదు. కోసి శుభ్రం చేశాక కండలో రక్తం చాలా కొద్దిగానే మిగులుతుంది. కండలో ఉండే నీరు, దానితోపాటు కరిగి వచ్చే మాంసకృత్తులు, కండకు రంగునిచ్చే మయోగ్లోబిన్ కలిస్తే ఆ రంగు వస్తుంది. కొద్దిపాటి నీరు ఊరడం సహజం, దాన్ని ఎవరూ తప్పు పట్టనక్కరలేదు. ఎక్కువగా ఊరడం ఎక్కడినుంచి వస్తుందన్నదే ప్రశ్న. పెద్ద యూనిట్లలో కోసి, ఈకలు తీసి, పొట్ట శుభ్రం చేసిన కోడిని వెంటనే చల్లబరచాలి. దానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి చల్లని గాలి వీచే గదిలో వేలాడదీయడం. రెండోది మంచు నీటి తొట్టిలో ముంచి తిప్పడం. గాలి పద్ధతికి ఎక్కువ సమయం, ఎక్కువ స్థలం పడతాయి, బరువు కొంత తగ్గుతుంది కూడా. నీటి పద్ధతి వేగంగా అవుతుంది, ఖర్చు తక్కువ, పైగా కోడి కొంత నీటిని పీల్చుకొని బరువు పెరుగుతుంది. ఆ నీరు చర్మం కింద, కండల మధ్య చేరి, ముక్కలు కొట్టాక మెల్లగా బయటికి వస్తుంది. చర్మం తీసేసిన కర్రీ కట్‌లో కోసిన ముఖాలు ఎక్కువ కాబట్టి కారడమూ ఎక్కువే. అమెరికాలో 2003 నుంచి ఇలా నిలిచిన నీరు ఎంత శాతం వరకు ఉండవచ్చో లేబుల్ మీద ముద్రించాలన్న నిబంధన అమలులో ఉంది. అక్కడ ఉంటున్న మన వాళ్ళు ప్యాకెట్ మూలన చిన్న అక్షరాలలో ఉండే ఆ వాక్యాన్ని చూసే ఉంటారు. మా ట్రే మీద ధర, బరువు, తేదీ, లైసెన్సు నంబరు, వండే విధానం అన్నీ ఉన్నాయి గాని, నీటి గురించి ఒక్క ముక్క లేదు.

నీళ్ళ వల్ల పోయేది డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ ఆదివారం కూర చేసింది మా అత్తయ్య. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. యాభై ఏళ్ళుగా కోడికూర వండుతున్న చెయ్యి అది. నూనె కాగాక ముక్కలు వేసి రెండుసార్లు కలిపి, మూడోసారి గరిట గిన్నె అంచుకు ఆనించి, "ఇది వేగట్లేదమ్మాయ్, ఉడుకుతోంది" అన్నారు. వెళ్ళి చూస్తే నిజమే. చుక్క నీళ్ళు పోయకుండానే ముక్కలు సగం దాకా మునిగి ఉన్నాయి. పైన బూడిద రంగు నురగ తేలుతోంది. అల్లంవెల్లుల్లి ముద్ద ముక్కను వదిలి ఆ నీటిలో తిరుగుతోంది. ఆ నీరంతా ఇగిరేదాకా మంట మీద ఉంచితే ముక్క పీచులు పీచులుగా విడిపోతుంది, ముందే దించితే కూర పలుచన. రెండు గరిటల నీరు తీసి పక్క గిన్నెలో పోసి, ఆవిడ ఎలాగో కూరను కాపాడారు. వేపుడు చేద్దామనుకున్న ఇంట్లో ఆ పూట పులుసు తిన్నాము. కోడికూరకు రుచి వచ్చేది ముక్క నూనెలో వేగి ఎర్రబడినప్పుడే. గిన్నెలో నీరు ఉన్నంతసేపు వేడి నూరు డిగ్రీలు దాటదు కాబట్టి ఆ ఎరుపు రానే రాదు. గసగసాలు, ధనియాల పొడి, గరం మసాలా ఎంత మంచివి వేసినా ఆ లోటు పూడదు.

నీటి సంగతి ఇలా ఉంటే, బోన్‌లెస్ ట్రేది మరో కథ. పిల్లల టిఫిన్ డబ్బాలోకి చికెన్ ఫ్రై కోసం నెలకు రెండుసార్లైనా బోన్‌లెస్ తెస్తాము. ఏడాదిగా రొమ్ము ముక్కల మీద పీచు వెంబడి సన్నని తెల్లని గీతలు కనిపిస్తున్నాయి. మొదట కొవ్వు సరిగా తీయలేదనుకున్నాను. కత్తి మొనతో గీకితే అవి పైపైన లేవు, కండ లోపలికి దిగి ఉన్నాయి. కొన్ని ముక్కలలో పైభాగం చేతికి గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలేది. అలాంటివి ఎంతసేపు ఊరబెట్టినా ఉప్పు కారం లోపలికి పట్టేవి కావు. వేయించాక నమిలితే మొదట కరకరమని, తరువాత రబ్బరులా సాగేవి. మా చిన్నమ్మాయి రెండు ముక్కలు డబ్బాలోనే వదిలి వచ్చింది. అడిగితే, నమిలినా నమిలినా అయిపోవడం లేదంది.

ఈ గీతలకూ ఈ గట్టితనానికీ మాంస శాస్త్రంలో వేరువేరు పేర్లున్నాయి. గీతలున్న రొమ్మును వైట్ స్ట్రైపింగ్ అనీ, చెక్కలా బిగుసుకొన్న దాన్ని వుడీ బ్రెస్ట్ అనీ అంటారు. రెండోదాన్ని 2014లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద పరిశీలించి వివరించారు. కోడి రొమ్ము కండ దానికి రక్తం అందించే నాళాల కంటే వేగంగా పెరిగినప్పుడు లోపలి పీచులకు ప్రాణవాయువు చాలదని పరిశోధకులు భావిస్తున్నారు. కొన్ని పీచులు చచ్చిపోతాయి, వాటి స్థానంలో కొవ్వు, నారలాంటి కణజాలం చేరతాయి. అలాంటి కండలో కొవ్వు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి, నీటిని పట్టి ఉంచే గుణమూ తగ్గుతుంది. తింటే రోగం వస్తుందన్న భయం అక్కర్లేదు. కానీ మాంసకృత్తుల కోసమని అదనంగా డబ్బు పెట్టి కొనే భాగంలోనే అవి తగ్గిపోవడం నాకు మింగుడు పడలేదు.

ఆ వేగం ఎంతో చెప్పే ప్రయోగం ఒకటి కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జరిగింది. 1957 నాటి కోడి సంతతిని, 1978 నాటి సంతతిని, 2005లో వ్యాపారంలో ఉన్న రాస్ జాతి కోడిని పక్కపక్కన పెట్టి, మూడింటికీ ఒకే దాణా పెట్టి 56 రోజులు పెంచారు. మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. తిండి ఒకటే, రోజులు అవే, బరువు మాత్రం నాలుగున్నర రెట్లు దాటింది. హార్మోను ఇంజెక్షన్లు ఇస్తారని మన ఊళ్ళలో చెప్పుకొనే మాట నిజం కాదు. తరాల తరబడి వేగంగా ఎదిగే పిల్లలనే ఏరి, వాటినే జతకట్టించడం వల్ల వచ్చిన పెరుగుదల ఇది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ షెడ్లలో పెరిగే ఫారం కోళ్ళు చాలావరకు కాబ్, రాస్ జాతుల సంతతే. మన దగ్గర సాధారణంగా ఆరు వారాల లోపే, రెండు, రెండున్నర కిలోలు తూగగానే కోస్తారు కాబట్టి ఈ జబ్బు అమెరికాలో ఉన్నంత తీవ్రంగా ఉండదు. అయితే బోన్‌లెస్ గిరాకీ పెరిగాక బరువైన కోడి కోసేవారికి లాభం. ఒక కోడిని కోయడానికి, శుభ్రం చేయడానికి అయ్యే శ్రమ అంతే, వచ్చే రొమ్ము మాత్రం ఎక్కువ. తెల్లని గీతలు బరువైన కోళ్ళలోనే ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పాలి. వీధి మలుపులోని చికెన్ సెంటర్‌లో ఉండేదీ అదే జాతి కోడి. నాటుకోడికి ఉండే బిగువు, పులుసు చిక్కదనం అక్కడ కూడా దొరకవు. పక్షి రుచి తగ్గిందన్న ఫిర్యాదును ఒక్క సూపర్‌మార్కెట్ మీద వేస్తే అది తప్పు. చికెన్ సెంటర్ కోడిలో నీళ్ళు ఊరవు, ముక్క వేగుతుంది, అంతవరకే తేడా. ఎందుకంటే అది కోసి గంట కాలేదు, మంచు నీటి తొట్టిలో మునగలేదు, గడ్డకట్టి కరగలేదు. కాబట్టి పక్షిలో ఉన్న లోపాన్ని పెంపకందారుల దగ్గరే వదిలేసి, కోసిన తరువాత జరిగే దానికి దుకాణాన్ని అడుగుతున్నాను. అలా విడదీసి చూసినా దుకాణం వైపు మిగిలేది తక్కువ కాదు.

అందులో నన్ను ఎక్కువగా బాధ పెట్టింది తేదీల వ్యవహారం. ట్రే మీద ప్యాక్ చేసిన తేదీ ఉంటుంది, ఎప్పటిలోగా వాడాలో ఉంటుంది. కోడిని కోసిన తేదీ ఉండదు. ఈ రోజు ప్యాక్ చేసిన మాంసం ఈ రోజు కోసినదే అనుకొని మనం కొంటాము. అది నిన్నటిదో, నాలుగు రోజుల కిందటిదో, ఒకసారి గడ్డకట్టించి కరిగించినదో తెలుసుకొనే వీలు మనకు లేదు. నాకు అనుమానం వచ్చింది ఎముకల వల్ల. కూర వండాక తొడ ఎముక చుట్టూ మాంసం నల్లగా, ఎముక కొస ఇంకా నల్లగా కనిపించడం తరచుగా జరుగుతోంది. ఐదారు వారాల కోడి ఎముక ఇంకా గట్టిపడని, గుల్లగా ఉండే ఎముక. గడ్డకట్టించినప్పుడు లోపలి మూలుగలోని రక్తకణాలు పగిలి ఆ రంగు బయటికి చిమ్ముతుంది, ఉడికించాక నల్లబడుతుంది. గడ్డకట్టించని కోడిలోనూ ఇది కొంత రావచ్చు గనుక దీన్ని రుజువు అనలేను. అయినా అదే వారం చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన కోడికి ఎముక తెల్లగా ఉండి, ఫ్రెష్ అని పచ్చ అక్షరాలతో రాసిన ట్రే కోడికి వరుసగా మూడు వారాలు నల్లబడితే, అడగకుండా ఎలా ఉంటాము? గడ్డకట్టించడం నేరం కాదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచిన మాంసం సురక్షితమే. మెల్లగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కండ కణాలను చీలుస్తాయి, కరిగినప్పుడు నీరంతా బయటికి వస్తుంది. ఆ విషయం చెప్పి, ఆ ధరకే అమ్మాలి. చెప్పకుండా తాజా మాంసం ధరకు అమ్మడంతోనే నాకు పేచీ.

చల్లదనం నిలబెట్టడంలో కూడా అలసత్వం కళ్ళారా చూశాను. తాజా మాంసాన్ని సున్నా నుంచి నాలుగు డిగ్రీల మధ్య ఉంచాలి. ఒక శనివారం ఉదయం పదకొండు గంటలకు నేను వెళ్ళేసరికి, అర ముందు నేల మీద నాలుగు ప్లాస్టిక్ క్రేట్ల నిండా ట్రేలు పేర్చి ఉన్నాయి. సర్దవలసిన అబ్బాయి బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చొని ఉన్నాడు, ఎందుకంటే అక్కడ మనిషి రాలేదు. నేను బియ్యం, పప్పు, సబ్బులు అన్నీ తీసుకొని తిరిగి వచ్చేసరికి కూడా క్రేట్లు అక్కడే ఉన్నాయి. పై ట్రే పొర లోపలి వైపు నీటి బిందువులు పట్టి, ముక్కలు మసకగా కనిపిస్తున్నాయి. ఆ అబ్బాయిని నిందించడానికి నాకు మనసు రాలేదు. ఒకే మనిషికి మూడు పనులు అప్పగించినవారిది ఆ తప్పు. కానీ ఆ ట్రేలు మధ్యాహ్నానికి అరలోకి చేరి, మరో రెండు రోజులు తాజాగానే అమ్ముడవుతాయి. ఎండాకాలంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మే నెల ఎండలో లారీ మీద ప్రయాణించి, ఉక్కతో రొప్పుతూ వచ్చిన కోడిని వెంటనే కోస్తే దాని కండ పాలిపోయి, మెత్తబడి, నీటిని పట్టుకోలేని స్థితికి వస్తుంది. మా ఇంట్లో అతి చెడ్డ ట్రేలు ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే వచ్చాయని లెక్క చూసుకుంటే తేలింది.

అరకిలో ట్రే ఎప్పుడు 450 గ్రాములైందో మాకు తెలియలేదు. ట్రే పరిమాణం అదే, పొర అదే, రంగు అదే. పాత బిల్లులు దాచుకొనే అలవాటు మా వారికి ఉండబట్టి బయటపడింది.

నేను ఫిర్యాదు చేయకుండా ఈ మాటలు రాయడం లేదు. తూచిన రోజు తీసిన ఫొటోలు, బిల్లు, ఉబ్బిన మెత్త అన్నీ కవరులో పెట్టుకొని దుకాణానికి వెళ్ళాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, మాకు ప్యాక్ అయ్యే వస్తుంది, మేము విప్పము" అన్నారు. డబ్బు వాపసు ఇస్తామన్నారు, ఇచ్చారు. కోసిన తేదీ ఎక్కడ ఉంటుందని అడిగితే, ప్యాక్ చేసిన తేదీనే చూపించారు. చల్లబరచే పద్ధతి నీటిదా, గాలిదా అని అడిగితే కంపెనీని అడిగి చెబుతామన్నారు. ట్రే మీది ఫోన్ నంబరుకు చేస్తే ఒక అమ్మాయి అంతా ఓపికగా రాసుకొని ఫిర్యాదు సంఖ్య ఇచ్చింది. వారం తరువాత ఫిర్యాదు పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది, జవాబు మాత్రం రాలేదు. చికెన్ సెంటర్‌లో ముక్క బాగా లేకపోతే ఆ కోసిన మనిషినే నిలదీసి అడగవచ్చు. ఇక్కడ అడగడానికి మర్యాదైన మనుషులు ముగ్గురున్నారు గాని, ఆ కోడిని కోసినవారు వారిలో ఎవరూ కారు.

యాంటీబయాటిక్స్ లేనిది అని ముద్రించి, అదే అరలో మరికాస్త ధరకు అమ్మే ట్రేల గురించి కూడా ఒక మాట. మాంసంలో ఆ మందులు మిగిలి ఉంటాయన్న భయం ఊరికే పుట్టలేదు. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ అక్కడా చుట్టుపక్కలా కొన్న 70 కోడిమాంసం నమూనాలను పరీక్షిస్తే 40 శాతంలో ఆ మందుల అవశేషాలు కనిపించాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువులకూ పక్షులకూ వాడకుండా 2019లో కేంద్రం నిషేధించింది. అయితే అవశేషాలు లేకపోవడం ఒక సంగతి, పెంపకంలో అసలు మందే వాడకపోవడం మరో సంగతి. మందు ఆపిన తరువాత నిర్ణీత రోజులు గడిపి కోస్తే మాంసంలో అవశేషం కనిపించకపోవచ్చు. ట్రే మీది వాక్యం ఈ రెండింటిలో ఏది చెబుతోందో నిదానంగా చదివి కొనండి. మేము నాలుగుసార్లు కొని చూశాము. దానిలోనూ నీళ్ళు అలాగే ఊరాయి, కాబట్టి రుచి కోసమైతే ఆ అదనపు ధర దండగ.

నాటుకోడి పేరుతో దాదాపు రెట్టింపు ధరకు అమ్మే ట్రే మాత్రం కొంత మేలు. అది పెరట్లో గింజలు ఏరుకొని తిరిగిన కోడే అన్న నమ్మకం నాకు లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం రూపొందించిన వనరాజా వంటి రంగు కోళ్ళు కూడా బజారులో ఆ పేరుతోనే చెలామణి అవుతాయి. ఏదైనా, నెమ్మదిగా ఎదిగిన కోడి కాబట్టి ముక్కలో బిగువు ఉంది, నీరు తక్కువ, పులుసుకు చిక్కదనం వచ్చింది. కుక్కర్‌లో ఐదారు కూతలు పెట్టవలసి వచ్చింది, దానికి మాకు అభ్యంతరం లేదు.

చికెన్ సెంటర్‌ను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. కోడిని ముంచే వేడి నీటి గిన్నెలో ఉదయం నుంచి అవే నీళ్ళు ఉంటాయి. మొద్దు మీద ఈగలు, పక్కనే వ్యర్థాల డ్రమ్ము, కత్తి తుడిచే గుడ్డ, ఇవన్నీ చూసే కదా మేము ఎనిమిదేళ్ళ కిందట అక్కడినుంచి వచ్చేశాము. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరిలోని కానూరు అగ్రహారం, పశ్చిమ గోదావరిలోని వేల్పూరు ఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, బతికి ఉన్న కోళ్ళ బోనుల పక్కన నిలబడడానికి మాకు నిజంగానే భయం వేసింది. ఆ సమయంలో సూపర్‌మార్కెట్ ట్రే ఒక భరోసా కావలసింది. కానీ గిరాకీ పడిపోయిన ఆ వారాల్లోనే అరలో గడువు చివరి రోజు దాకా కదలని ట్రేలు, వాటి మీద ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న ఎర్ర చీటీలు చూసి, రెండు చోట్లా కొనకుండా నెల రోజులు గుడ్లతో, చేపలతో సరిపెట్టుకున్నాము.

ఇప్పుడు మా పద్ధతి మారింది. ముక్కలు కొట్టిన ట్రే, బోన్‌లెస్ ట్రే కొనడం మానేశాము. అదే దుకాణంలో అప్పుడప్పుడు చర్మంతో ఉన్న మొత్తం కోడి దొరుకుతుంది. దానికి కోసిన ముఖాలు తక్కువ కాబట్టి నీరు తక్కువగా పోతుంది. కిలో లోపు ఉన్నదాన్ని ఎంచుకుంటే రొమ్ములో గీతలు అంతగా కనిపించవు. ఇంటికి తెచ్చి మేమే కీళ్ళ దగ్గర ముక్కలు చేసి, గుడ్డతో అద్ది, గంటసేపు ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచి వండితే దాదాపు పాత రుచి వస్తోంది. అది దొరకని వారం ఉదయం ఏడు గంటలకే, వేడి నీళ్ళు ఇంకా తేటగా ఉండగానే, చికెన్ సెంటర్‌కు వెళతాము. ట్రేనే కొనక తప్పనివారు దాన్ని ఒక పక్కకు వంచి చూడండి. మూలన నీరు చేరితే తిరిగి అరలో పెట్టేయండి. పొర లోపలి వైపు బిందువులు పట్టిన దాన్నీ వదిలేయండి. అరలో ముందు వరుసది కాకుండా వెనక ఉన్నది తీసి తేదీ చూడండి. ఇంటికి తెచ్చి విప్పగానే వచ్చే మూసిన వాసన ఐదు నిమిషాల్లో పోవాలి. కడిగాక కూడా నీసు వాసన, వేలికి జిగురు తగిలితే మసాలాతో కప్పిపుచ్చే ప్రయత్నం చేయకుండా బిల్లుతో సహా వెనక్కి ఇచ్చేయండి. డబ్బు ఇస్తారు, ఆ మాట నిజం.

శుభ్రతకు, బిల్లుకు, మర్యాదకు ఈ దుకాణానికి ఐదుకు మూడు ఇస్తాను. కర్రీ కట్ ట్రేకు ఒకటిన్నర. బోన్‌లెస్‌కు ఒకటి. మొత్తం కోడికి మూడున్నర. ట్రే మీద కోసిన తేదీ, నిలిచిన నీటి శాతం ఈ రెండూ ముద్రించిన రోజున కర్రీ కట్ మళ్ళీ కొని, మళ్ళీ తూచి, ఈ అంకెలు మారుస్తాను.